నేపాలు యాత్ర: గుళ్ళ నడుమ సంఘ చరిత్ర

మన ప్రొద్దుటూరు పరిసరాలలో, అనగా చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతంలో, నేపాలు యాత్ర అనగానే పశుపతినాథ్, ముక్తినాథ్, లుంబినీ పేర్లు వినిపిస్తాయి. చిలుకూరు బాలాజీ గుడికి దగ్గరలో నివసించే మనకు యాత్రలు, మొక్కులు కొత్తవి కావు. అయితే ఒక సంఘకాపరి ఆ దేశానికి వెళితే ఏమి చూడాలి? గుళ్ళను, స్తూపాలను చూడకుండా ముఖం తిప్పుకోవడం చరిత్ర విద్యార్థికి తగదు. పౌలు ఏథెన్సులో బలిపీఠాల నడుమ తిరిగి, వాటిమీది రాతను చదివిన తరువాతనే మాట్లాడాడు. నేపాలులో అలా చదివేవారికి, గైడు చూపించని మరొక చరిత్ర కూడా కనబడుతుంది.

ముందు లుంబినీ సంగతి. అక్కడి అశోక స్తంభంపైనున్న శాసనం 1896లో బయటపడింది. రాజు తన పాలనలోని 20వ యేట స్వయంగా వచ్చి బుద్ధుని జన్మస్థలమును దర్శించినట్లు, ఆ గ్రామానికి పన్ను తగ్గించినట్లు అందులో ఉంది. అదే రాజు శాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండలమీద ఉన్నాయి. కాబట్టి లుంబినీ తెలుగువారికి పరాయి కాదు. హిందూ బౌద్ధ మతాలు ఒకే ఇంట కలిసి ఉండడం కూడా మనకు వింత కాదు. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, అతని సోదరి శాంతిశ్రీ నాగార్జునకొండలో మహాచైత్యము కట్టించింది. ఖాట్మండులో నేటికీ బౌద్ధ శాక్య కుటుంబపు బాలికను కుమారిగా ఎంచుకొని, హిందువులు తలేజు దేవి రూపంగా కొలుస్తారు.

ఇక ఖాట్మండు, పాటన్, భక్తపూర్ నగరాల రాజప్రాసాదాల చౌకులు. 1979లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వీటిని చూసే యాత్రికులలో ఎంతమందికి తెలుసో గాని, ఈ మూడు పట్టణాలలోను 18వ శతాబ్దంలో క్రైస్తవులు ఉండేవారు. టిబెట్టు సేవ కోసం రోము పంపిన కపూచిన్ సన్యాసులు 1707లో ఈ దారినే లాసా చేరారు. 1715 నుండి ఖాట్మండు లోయలో వారి నివాసం మొదలైంది. మల్ల రాజులు వారిని ఆదరించారు, ఇండ్లు ఇచ్చారు, బోధించుకొనుటకు అనుమతించారు. వారు వైద్యం తెలిసినవారు కావడం ఇందుకు తోడ్పడింది. శివునికి, తలేజుకు గుళ్ళు కట్టించిన ఆ రాజులే ఈ అనుమతి ఇచ్చారన్నది మనము మరువరాని విషయం.

గూర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా లోయమీదికి వచ్చినప్పుడు పరిస్థితి మారిపోయింది. ఖాట్మండు రాజు జయప్రకాశ్ మల్ల ఈస్టిండియా కంపెనీ సహాయం కోరాడు. 1767లో కెప్టెన్ కిన్‌లాక్ నడిపించిన దళం మధ్యలోనే ఓడిపోయి తిరిగిపోయింది. అదే సంవత్సరం కీర్తిపూర్ పడిపోయినప్పుడు అక్కడి ప్రజల ముక్కులు కోయించిన ఘోరాన్ని కపూచిన్ ఫాదర్ జోసెప్పే రాసి ఉంచాడు. 1768లో ఇంద్రజాత్ర ఉత్సవం జరుగుతుండగానే ఖాట్మండు గూర్ఖాల వశమైంది. తెల్లవారైన సన్యాసులు కంపెనీ మనుషులేమోనన్న అనుమానం కొత్త రాజుకు కలిగింది. 1769లో వారు కొద్దిమంది నెవారీ విశ్వాసులతో లోయ విడిచి బీహారులోని బెతియాకు వెళ్ళిపోయారు. ఆ అనుమానం నిజమా కాదా అన్నది పక్కన పెడదాం. దాని ఫలితం మాత్రం 180 యేండ్లకు పైగా నిలిచింది.

ఆ కాలమంతటా నేపాలీ సంఘం నేపాలు బయట పెరిగింది. ఖాట్మండులో 1851లో పుట్టిన నెవారీ యువకుడు గంగాప్రసాద్ ప్రధాన్ డార్జిలింగ్‌లో క్రీస్తును అంగీకరించి, 1901లో పాదిరిగా అభిషేకం పొందాడు. నేపాలీ బైబిలు అనువాదంలో ముఖ్యుడు ఈయనే. సంపూర్ణ బైబిలు 1914లో వెలువడింది. ఆయన కుటుంబంతో సహా సొంత ఊరికి తిరిగి వెళితే, క్రైస్తవులకు ఇక్కడ చోటు లేదని పంపివేశారు. పుట్టిన పట్టణంలో పాదిరికి చోటు లేకపోయినా, ఆయన అనువాదం సరిహద్దు దాటింది.

1951లో రాణాల పాలన ముగిసింది. 1952లో పోఖరాకు వైద్య సేవకురాండ్రతో పాటు డార్జిలింగ్ వైపు నుండి వచ్చిన నేపాలీ విశ్వాసులు చేరారు. రాంఘాట్ సంఘం అలా మొదలైంది. 1954లో ఏర్పడిన యునైటెడ్ మిషన్ టు నేపాల్ ఆసుపత్రులు, పాఠశాలలు నడిపింది గాని, మతమార్పిడి చేయరాదన్న షరతుకు ఒప్పుకొని వచ్చింది. అందుచేత సంఘ కాపరులు, పెద్దలు మొదటినుండి నేపాలీయులే. మన ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య కాలినడకన చేసిన పనిని మిషనరీ పేరు వెనుక దాచివేశామనే నా అభిప్రాయం. నేపాలులో అలా దాచే అవకాశమే రాలేదు.

దానికి వారు వెల చెల్లించారు. 1963 నాటి ములుకీ ఐన్ ప్రకారం మతం మారినవానికి ఒక యేడు, మార్చినవానికి ఆరు యేండ్లు జైలు. 1990 ప్రజా ఉద్యమం తరువాతనే ఖైదీలు విడుదలయ్యారు. 1961 జనగణనలో 458 మందిగా ఉన్న క్రైస్తవులు 2021 నాటికి 5,12,313 అయ్యారు.

2006లో దేశం లౌకిక రాజ్యమైంది గాని, 2018 ఆగస్టు నుండి అమలైన శిక్షాస్మృతి 158వ సెక్షను ప్రకారం మతం మార్చినవారికి అయిదు యేండ్ల జైలు, యాభై వేల రూపాయల జరిమానా విధించవచ్చు. విదేశీయుడైతే శిక్ష ముగిసిన ఏడు దినాలలో పంపివేస్తారు. భారతీయులకు వీసా అక్కరలేదు కదా అని సంచి నిండా కరపత్రాలు తీసుకొనిపోయి చౌకులలో పంచేవారు ఈ సంగతి గమనించాలి. మనము రైలెక్కి వచ్చేస్తాము. విచారణకు స్థానిక కాపరి వెళ్ళవలసి వస్తుంది. దీనిని ధైర్యం అనడానికి నేను ఒప్పుకోను.

ఆరాధనకు వెళ్ళాలంటే ఆదివారం కాదు, శనివారం ఖాళీ ఉంచుకోవాలి. అక్కడ వారపు సెలవు శనివారం కాబట్టి సంఘాలన్నీ ఆనాడే కూడుతాయి. 2015 ఏప్రిల్ 25 శనివారమే. మధ్యాహ్నం పన్నెండుకు కొద్ది నిమిషాల ముందు భూకంపం వచ్చినప్పుడు విశ్వాసులు ఆరాధనలో ఉన్నారు. ధరహరా గోపురంతో పాటు ప్రార్థనా మందిరాలు కూడా కూలాయి. మొత్తం మృతులు దాదాపు తొమ్మిది వేలు.

రక్సౌల్ మీదుగా తిరిగి వచ్చేవారు ఒక దినం అదనంగా పెట్టుకొంటే, బెతియా సమీపంలోని చుహారీ గ్రామం చూడవచ్చు. 1769లో లోయ విడిచిన నెవారీ క్రైస్తవులు స్థిరపడింది అక్కడే. వారి సంతతివారు నేటికీ ఆ ఊరిలో ఉన్నారు.