తెలుగింటి పటపుటాటలు: దైవపౌరుషముల తారతమ్యము

పులిజూదమున పాచికలు లేవు, గవ్వలు లేవు, పందెమును లేదు. 3 పులులకును 15 మేకలకును నడచు కేవలబుద్ధివ్యాపార మది. ఐనను తెలుగువారు దానిని జూదమనియే పిలిచిరి. ధర్మరాజు రాజ్యమును గోలుపోయిన యాటకును, పల్లెలో నరుగుమీఁద సుద్దతో గీఁచి బాలు రాడుకొను వినోదమునకును ఒకటే పేరు. ఇది పేరునకు సంబంధించిన చిన్నవిషయముగాఁ దోఁచినను, దీని వెనుక పెద్దచిక్కు కలదు. ఏ యాట మేలైనది, ఏది కుటుంబమున నుండఁదగినది యను విచారమునందు పందెము, దైవము, నేర్పు అను మూఁడు వేర్వేఱు విషయములు చిరకాలముగాఁ గలసిపోయినవి. వానిని విడఁదీసి చూచినఁగాని మన యింటి యాటల విలువ తేటపడదు.

జూదమను మాట ద్యూతశబ్దమునుండి పుట్టినది. మనుస్మృతి నవమాధ్యాయమున ప్రాణములేని వస్తువులతో నాడునది ద్యూతమనియు, ప్రాణులను బురికొల్పి యాడించునది సమాహ్వయమనియు విభాగము చేయఁబడినది. ఈ విభాగమునకు ఆటసాధనమే ప్రమాణము. దైవమెంత, నేర్పెంత యను విచార మిందు లేదు. ఈ దృష్టితోఁ జూచిన గులకరాళ్లతో నాడు పులిజూదమునకు జూదమను పేరు చెల్లుటలో వింతలేదు. మనువు ద్యూతసమాహ్వయములు రెంటిని రాజు తన రాజ్యమునుండి తొలఁగింపవలెనని విధించెను. కౌటిల్యుఁడు నిషేధింపక, ద్యూతాధ్యక్షుని నియమించి, గెలిచిన ధనమున నూటికి 5 వంతున రాజభాగముగాఁ గొనవలసినదని వ్రాసెను. ఒకరు పాపమనిరి, ఒకరు రాఁబడి యనిరి. ఇరువురి దృష్టికిని బాగుగాఁ గనబడినది పందెమే. ఋగ్వేదము పదవమండలమున 34వ సూక్తమునందు తాండ్రకాయలతో నాడి భార్యను, గృహమును పోఁగొట్టుకొన్న జూదరి విలాపమును పందెమువలనఁ గలిగినదే.

ఆటల స్వరూపమును వేర్వేఱుగాఁ జూచిన గ్రంథములును కలవు. దీఘనికాయమునందలి బ్రహ్మజాలసుత్తము భిక్షువులు వర్జింపవలసిన వినోదములలో 8 గళ్ల వరుసలు గల అష్టపదమును, 10 గళ్ల వరుసలు గల దశపదమును పేర్కొన్నది. కల్యాణి చాళుక్యరాజైన మూఁడవ సోమేశ్వరుఁడు సుమారు 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున చతురంగము, పాచికలాట, గవ్వలాట వేర్వేఱు వినోదములుగా వర్ణితములైనవి. సాధనము మాఱినచో ఆటయొక్క గుణమును మాఱునని ఈ విభాగమే తెలుపుచున్నది.

చతురంగచరిత్రము దీనికి మంచి నిదర్శనము. 7వ శతాబ్దమున బాణభట్టు హర్షచరితమున దాని ప్రసక్తి కలదు. సుమారు 1030లో అల్‌బిరూనీ భారతదేశమునుగూర్చి వ్రాసిన గ్రంథమున నలువురు కూర్చుండి పాచికలువేసి యాడు చతురంగమును వర్ణించెను. కాలక్రమమున పాచిక తొలఁగిపోయినది. ఇరువు రాడునదియే నిలిచినది. దైవముపాలు పోయి పౌరుషమే మిగులుటచే నది శాస్త్రమైనది. గుంటూరునకుఁ జెందిన పెంటేల హరికృష్ణ 2001లోను, గుడివాడకుఁ జెందిన కోనేరు హంపి 2002లోను గ్రాండ్‌మాస్టరులగుట ఆ శాస్త్రమునందలి తెలుగువారి సాధనకు ఫలము. కాని యీ లాభముతోపాటు ఒక నష్టమును కలదు. నేర్పరికిని క్రొత్తవానికిని చతురంగమున పొత్తు కుదురదు. పదియేండ్లు సాధనచేసిన యన్నతో నిన్న నేర్చిన తమ్ముఁ డాడినచో ఫలితము ముందే తెలిసియుండును. అందుచే నది సమానుల యాట. ఇంటిల్లిపాదియు గూడి యాడునది కాదు.

దీనికి సరిగా రెండవ కొనయందున్నది వైకుంఠపాళి, లేక పరమపదసోపానపటము. ఇందు ఆటగాఁడు తానుగా నిర్ణయించునది యేదియు లేదు. పడిన పందెమే కాయను నడపును. పుణ్యము నిచ్చెనయై యెక్కించును. పాపము పామై మ్రింగును. ఉత్తరదేశమున జ్ఞానచౌపడ్ అను పేర వ్యాపించిన యీజాతి పటములలో జైనులవి 84 గళ్లతోను, వైష్ణవులవి 72 గళ్లతోను తఱచుగాఁ గానవచ్చును. తెలుగిండ్లలో వైకుంఠైకాదశి జాగరణమున నాడు నాచారము కలదు. నేర్పునకుఁ జోటులేదని దీనిని తక్కువచేయుట తగదు. అక్షరములు రాని యవ్వయు, అయిదేండ్ల మనుమఁడును సమానస్కంధులై కూర్చుండఁగల యాట యిది. గర్వమునకుఁ దావులేని గెలుపును, సిగ్గుపడ నక్కఱలేని యోటమియు దీని ప్రత్యేకత.

ఈ రెండు కొనలకు నడుమ నున్నవి అష్టాచెమ్మా, పచ్చీసు. అష్టాచెమ్మాపటము 25 గళ్లది. వెలుపలి వరుసలో 16, లోపలి వరుసలో 8, నడుమ పండుగడి యొకటి. కాయ తన యింటినుండి బయలుదేఱి పండుటకు 24 గళ్లు నడువవలెను. 4 గవ్వలును వెల్లకిలఁ బడిన చెమ్మ, అనఁగా 4; అన్నియు బోర్లపడిన అష్టా, అనఁగా 8. గవ్వ వెల్లకిలఁ బడుటకును బోర్లపడుటకును అవకాశము సమానమనుకొన్నచో, 4 గవ్వలును 16 విధములుగాఁ బడవచ్చును. అందు రెండు పడుటకు 6 విధములును, ఒకటికిని మూఁటికిని నాలుగేసి విధములును, చెమ్మకును అష్టాకును ఒక్కొక్క విధమును కలవు. కావున చెమ్మ, అష్టా అరుదు, రెండు సాధారణము, సగటు రెండున్నర. ఆటగాఁడు ఈ లెక్కను పేరుపెట్టి యెఱుఁగకున్నను అనుభవమున నెఱుఁగును. ఎదిరికాయకు 2 గళ్ల ముందు నిలుచుట యపాయమనియు, 4 గళ్ల దూరము మేలనియు నెంచి, తన కాయలలో దేనిని నడపవలెనో నిర్ణయించును. పందెము దైవమిచ్చును, కాయ నెన్నుకొనుట మనుష్యుని వంతు. నేర్పరి తఱచుగా గెలుచును. కాని క్రొత్తవాఁడు గెలువఁడని యెవ్వరును చెప్పలేరు. గవ్వలు లేనిచోట చింతగింజలను ఒకప్రక్క నరఁగఁదీసి వాడుకొనుటచే ఇది బీదయింటికిని బరువుగాలేదు.

పాచికలు లేకయే పిల్లలకుఁ దగిన యాటలును కలవు. వామనగుంటల పీఠమున రెండు వరుసలుగా 14 గుంటలుండును. చింతగింజలను గుంటకొకటి చొప్పున వదలుచు పోవుటలో లెక్క దానంతట నదియే యలవడును. తమిళుల పల్లాంగుళియు దీని జాతిదే. నవకంకరి, లేక దాడి, యొకదానిలో నొకటిగా గీఁచిన మూఁడు చతురస్రములపై 24 స్థానములలో ఆడునది. మూఁడు కాయలు వరుసగూడిన నెదిరికాయను తీయవచ్చును. పులిజూదమున మఱియొక విశేషము కలదు. ఇరుపక్షముల బలము సమానముకాదు. పులి దుమికి మేకను జంపును, మేకలు గుమిగూడి పులిని కట్టివేయును. ఒక్క మేక యేమియు చేయఁజాలదు. ఆటగాండ్రు పక్షములు మార్చుకొని రెండుమాఱు లాడినచో బలవంతుని బుద్ధియు, బలహీనుల యొద్దికయు రెండును తెలిసివచ్చును. నేపాళమునందలి బాఘ్‌చాల్ 4 పులులతోను 20 మేకలతోను ఆడు దీని బంధువు.

19వ శతాబ్దమున ఈ యాటలు సముద్రము దాఁటినవి. అమెరికాలో పచ్చీసు పార్చీసీ యైనది. 1874లో ఆ పేరు వ్యాపారచిహ్నముగా నమోదైనది. ఇంగ్లండులో 1896లో లూడో పేటెంటు పొందినది. ఆ శతాబ్దాంతముననే పాములు నిచ్చెనల పటము నచట ప్రచారమునకు వచ్చినది. ఈ మార్పున పోయినదేదో గమనింపవలెను. పచ్చీసున నలువురు ఇరువురిరువురు జట్టుకట్టి యెదురెదురుగాఁ గూర్చుందురు. తనకంటె ముందు జతగానికాయను కాపాడవలసిన సమయములు వచ్చును. లూడోలో ఎవరి కాయలు వారివే. గవ్వలలో అరుదును సాధారణమును వేఱుగా నుండఁగా, లూడోపాచికపై ఒకటినుండి ఆఱువఱకు అన్నిటికిని ఒకటే యవకాశము. ఆట సులభమైనది, ఆలోచన తగ్గినది, పొత్తు పోయినది. ఇట్లు తేలికపడిన యాటలే అట్టపటమునకు ఒకవైపు లూడోగాను, రెండవవైపు పాములు నిచ్చెనలుగాను మఱల మనయిండ్లకు వచ్చినవి. అష్టాచెమ్మాగీఁతలున్న యరుగులపై అట్టపెట్టె వచ్చి కూర్చున్నది.

పందెమునుగూర్చిన చిక్కు న్యాయస్థానములనుగూడ విడువలేదు. 1957లో సుప్రీంకోర్టు, నేర్పు ప్రధానమైన పోటీలు జూదముకావని నిర్ణయించినది. 1968లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యమున రమ్మీ ప్రధానముగా నేర్పుతో నాడునదని చెప్పుచునే, క్లబ్బువారు దానినుండి లాభము తీసినచో నేరమగునని హెచ్చరించినది. 2025లో పార్లమెంటు చేసిన చట్టము ఆన్‌లైనున ధనమొడ్డి యాడు నాటలను నేర్పువైనను దైవాధీనములైనను భేదములేక నిషేధించినది. రెండువేల యేండ్ల విచారము మఱల పందెమునొద్దకే చేరినది. ఆటను చెఱచునది అందలి దైవము కాదు, ఒడ్డిన సొమ్మని దీనిచే స్పష్టమగుచున్నది.

పందెము తీసివేసిన పిమ్మట దైవము దోషముగాక సాధనమగును. వయస్సున, విద్యయందు, నేర్పునందు భేదములు గలవారిని ఒక పటముచుట్టు కూర్చుండఁబెట్టునది అదియే. కావున ఆటల తారతమ్యమును ఆటలోఁగాక, కూర్చుండువారిలో వెదకవలెను. సమానులకు చతురంగము, పసివారు, వృద్ధులు గలచోట వైకుంఠపాళి, ఇద్దఱు పిల్లలకు దాడి, పులిజూదము, వామనగుంటలు, ఇంటిల్లిపాదికి అష్టాచెమ్మా, పచ్చీసు. ఈ వరుస నంతయు తెలుగిల్లు ఖర్చులేక సమకూర్చుకొన్నది. వీని నియమములు ఊరూరికి భేదించుచు, పెద్దల నోటనే నిలిచియున్నవి. పటములను గీఁచి, ఆ భేదములను ఊరిపేరుతోఁగూడ వ్రాసి యుంచుట, పాటలను సామెతలను సేకరించుటకంటె తక్కువైన పని కాదు. ఆ పెద్దలుండఁగనే యది జరుగవలెను.