జాల్నా నుంచి జిల్లా ఆసుపత్రి దాకా: వరంగల్‌లో మానసిక వైద్యం, సమన్యాయం

వరంగల్ ప్రాంతంలో మానసిక వైద్యం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్నతో గడిచిన నూరేళ్లను పరిశీలిస్తే, మంచాల లెక్కలు చెప్పని సంగతులు రోగికీ వైద్యుడికీ మధ్య ఉన్న దూరం చెబుతుంది. ఆ దూరం కొన్నిసార్లు రైలు ప్రయాణంగా, కొన్నిసార్లు భాషగా, మరికొన్నిసార్లు కులం, లింగం, భూమి పట్టా, సర్టిఫికెట్ల రూపంలో అడ్డు నిలిచింది. ఈనాడు ప్రజారోగ్య రంగంలో వైవిధ్యం, సమన్యాయం, సమ్మిళితం అనే మూడు మాటలు తరచుగా వినిపిస్తున్నాయి. రోగుల భాషలు, నమ్మకాలు, జీవన స్థితులు ఒక్క తీరుగా ఉండవని గుర్తించడం వైవిధ్యం. ఎవరి అవసరాన్ని బట్టి వారికి తోడ్పాటు అందించడం సమన్యాయం. వెలుపల ఉండిపోయిన వారిని నిర్ణయాలలో భాగస్వాములను చేయడం సమ్మిళితం. వరంగల్ చరిత్రలో ఈ మూడూ ఎక్కడ లోపించాయో తెలిస్తేనే నేటి చట్టాల విలువా, వాటి అమలులోని లోటూ అర్థమవుతాయి.

ఆధునిక ఆసుపత్రి రాకముందు మనోవ్యథకు ఊరి సమీపంలోనే కొన్ని ఆశ్రయాలు ఉండేవి. పర్వతగిరి మండలంలోని అన్నారం యాకూబ్ షావలీ దర్గాకు హిందువులూ ముస్లింలూ కష్టాలు మొక్కుకుంటూ వెళ్లడం ఇప్పటికీ కనిపిస్తుంది. సంక్రాంతికి మొదలయ్యే ఐనవోలు మల్లన్న జాతరలో శివసత్తులు పూనకంతో ఆడతారు, భక్తులు వారికి తమ గోడు చెప్పుకుంటారు. మేడారంలో కోయ పూజారులైన వడ్డెలు సమ్మక్క సారలమ్మల గద్దెల వద్ద క్రతువులు నడుపుతారు. ఈ ఆశ్రయాలు రోగి భాషలోనే మాట్లాడాయి, కాగితాలు అడగలేదు, కుటుంబాన్ని రోగి నుంచి వేరు చేయలేదు. అయితే ఇదే నమ్మకాల లోకంలో క్రూరత్వానికీ చోటు దొరికింది. గాలి సోకిందని కొట్టడం, గొలుసులతో కట్టడం ఒకవైపు సాగితే, బాణామతి, చేతబడి చేశారన్న నెపంతో ఒంటరి స్త్రీలనూ, దళితులనూ హింసించడం తెలంగాణ పల్లెల్లో ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల దాకా సాగింది. అందుచేత గతంలోని దగ్గరితనాన్ని మెచ్చుకుంటూ, దాని పేరుతో జరిగిన హింసను మరచిపోవడం న్యాయం కాదు.

నిజాం రాజ్యంలో రాజ్యవ్యవస్థ నడిపిన మానసిక ఆసుపత్రి జాల్నాలో, అంటే నేటి మహారాష్ట్రలోని మరాఠ్వాడా ప్రాంతంలో ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల వారికి పంతొమ్మిదో శతాబ్దంలోనే వాల్తేరులో ఒక మానసిక రోగుల ఆశ్రమం ఏర్పడగా, నిజాం పాలనలోని తెలుగువారికి అలాంటిది తమ భాషా ప్రాంతంలో లేకపోయింది. వరంగల్ నుంచి బయలుదేరిన కుటుంబం సికింద్రాబాద్ చేరి, అక్కడ రైలు మారి, మన్మాడ్ వైపు వెళ్లే మీటర్‌గేజి మార్గంలో జాల్నాకు ప్రయాణించవలసి వచ్చేది. చేరిన చోట ఊరి భాష మరాఠీ, పాలనా భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యవిద్యను సైతం ఉర్దూ మాధ్యమంలోనే బోధించింది. ఒక భారతీయ భాషలో ఆధునిక వైద్యం నేర్పడం గొప్ప ప్రయత్నమే అయినా, ఆ రాజ్య జనాభాలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువారికి ఆ ఫలితం తమ మాటలో అందలేదు. శరీరానికి దెబ్బ తగిలితే వేలు పెట్టి చూపించవచ్చు గాని, మనసులోని భయాన్నో భ్రమనో వైద్యుడికి తెలియజేయడానికి మాట తప్ప వేరే సాధనం లేదు కనుక, మానసిక వైద్యంలో భాష లోపించడమంటే పరీక్షే లోపించడం.

ఆ కాలపు చట్టాలు కూడా వైద్యం కన్నా నిర్బంధాన్నే ఎక్కువగా పట్టించుకున్నాయి. బ్రిటిష్ ఇండియాలో 1858 నాటి ఆశ్రమాల చట్టాన్ని తొలగించి తెచ్చిన 1912 ఉన్మాద చట్టం ప్రకారం, రోగిని ఆశ్రమంలో చేర్చడంలో మేజిస్ట్రేటు ఉత్తర్వుకు ప్రధాన స్థానం ఉండేది. రోగి కోరిక ఏమిటన్నది దాదాపు అప్రస్తుతం. దేశ ఆరోగ్య స్థితిని పరిశీలించిన భోర్ కమిటీ 1946లో వెలువరించిన నివేదిక దేశమంతటికీ సుమారు పదివేల మానసిక వైద్య మంచాలే ఉన్నాయని, అంటే నలభై వేల మందికి ఒక్క మంచం మాత్రమే ఉందని తేల్చింది. స్వతంత్ర దేశం కొత్త రాజ్యాంగం రాసుకున్నా, 1912 చట్టం స్థానంలో 1987 మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలుకు వచ్చేదాకా వలస పాలన నాటి చూపే చట్టపరంగా నిలిచింది.

హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరవాత, 1953లో జాల్నా ఆసుపత్రి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు మారింది. దీనితో వరంగల్ వారికి ప్రయాణం సుమారు నూటయాభై కిలోమీటర్లకు తగ్గింది, వైద్యుల మాటలోకి తెలుగు వచ్చింది. కాని ఒక్క ఊరి పేరు మొత్తం తెలంగాణలో నిందాపదంగా మారడం ఈ మార్పుకు తోడైన విషాదం. ఎవరినైనా హేళన చేయాలంటే ఎర్రగడ్డకు పంపాలనడం పరిపాటి అయింది. ఆ మాట ఊళ్లో వినిపిస్తుందన్న భయంతో పెళ్లి కావలసిన ఆడపిల్లల జబ్బును ఏళ్ల తరబడి దాచిన కుటుంబాలు ఎన్నో. ఆసుపత్రి దగ్గరపడినా అవమానం దానితోపాటు ప్రయాణం చేసింది. ఆ భారం స్త్రీలపై రెట్టింపు పడింది, ఎందుకంటే జబ్బు పడిన భర్తకు భార్య సేవ చేయడం ధర్మమన్న సమాజమే, జబ్బు పడిన భార్యను పుట్టింటికి పంపడాన్ని సహజమని ఒప్పుకుంది.

1959లో కాకతీయ వైద్య కళాశాల ఏర్పడడం, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి దానికి బోధనాసుపత్రిగా నిలవడం వరంగల్‌కు అసలైన మలుపు. జనం ఎం.జి.ఎం. అని పిలిచే ఈ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉండడం ఎందుకు ముఖ్యమో, నాటి వైద్యశాస్త్రంలో వచ్చిన మార్పుతో కలిపి చూస్తే తెలుస్తుంది. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందును మనోవ్యాధులకు వాడడం మొదలైనప్పటి నుంచి, తీవ్రమైన భ్రాంతులున్న రోగి కూడా మాత్రలు వేసుకుంటూ ఇంట్లో ఉండగలిగే స్థితి ఏర్పడింది. అప్పుడు ప్రహరీ గోడల ఆశ్రమం కన్నా, సాధారణ ఆసుపత్రిలో ఒక విభాగమే సరిపోయింది. జ్వరానికి వచ్చిన వాడూ, నిద్ర పట్టని వాడూ ఒకే కౌంటరు దగ్గర ఓపీ చీటీ రాయించుకుని, ఒకే వసారాలో కూర్చుంటారు గనుక చూసేవారికి ఎవరి జబ్బు ఏదో తెలియదు. నర్సంపేట నుంచో మహబూబాబాద్ నుంచో పొద్దున బస్సెక్కిన రైతు కూలీ, సాయంత్రానికి మందులతో ఇల్లు చేరుకోవచ్చు. ఒక రోజు కూలీ పోతుంది గాని బతుకుదెరువు పోదు. పేదవాడికి వైద్యం అందుబాటు అనేది ఇలాంటి లెక్కల మీదే ఆధారపడి ఉంటుంది.

1982లో ప్రకటించిన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఈ సేవను ఇంకా కిందికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయికి తేవాలని తలపెట్టింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో సాధారణ వైద్యులకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, అది సాధ్యమేనని చూపింది. ఆ అనుభవంతో 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మొదట ఎంపికైనది మెదక్ జిల్లా. వరంగల్‌కు మాత్రం ఆ మరుసటి ఏడాదే, ఏ కార్యక్రమమూ ఊహించని విపత్తు వచ్చిపడింది.

1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలను లద్దెపురుగు, పచ్చపురుగు ముంచెత్తాయి. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అప్పుగా ఇచ్చిన వ్యాపారికే పంట అమ్మాలన్న షరతు, మిత్తి మీద మిత్తి, ఎనుమాముల మార్కెట్లో ధర పడిపోయిన రోజు ఎదురు మాట్లాడలేని నిస్సహాయత కలిసి రైతు కుటుంబాలను కూల్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆ సీజన్‌లో వందల మంది రైతులు ప్రాణాలు తీసుకోగా, వారిలో వరంగల్ జిల్లా వారు అధికం. దీనిని కేవలం మనోవ్యాధిగా చూస్తే అప్పును దాచినట్టవుతుంది. కేవలం అప్పుగా చూస్తే రంది, మనాది అని ఊరివాళ్లు గుర్తుపట్టిన కుంగుబాటుకు చికిత్స లేదన్నట్టవుతుంది. రెంటికీ ఒకేసారి స్పందించగల వ్యవస్థ ఆనాడు లేదు.

2004 జూన్‌లో వెలువడిన 421వ నంబరు జీవో అలా ప్రాణాలు తీసుకున్న రైతుల కుటుంబాలకు లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. దానిని తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆరు లక్షలకు పెంచింది. సాయం మంచిదే గాని, ఎవరికి దక్కాలో నిర్ణయించిన తీరులో అసమానత దాగి ఉంది. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల కమిటీ ఇంటికి వచ్చి పట్టాదారు పుస్తకం, అప్పు పత్రాలు, పోస్టుమార్టం నివేదిక చూసి, మరణం వ్యవసాయ కష్టాల వల్లే జరిగిందని తేల్చాలి. కౌలుకు దున్నిన వాడికి పట్టా ఉండదు. షావుకారు అప్పుకు కాగితం ఉండదు. చేలో పగలంతా పనిచేసిన స్త్రీ పేరు రికార్డుల్లో రైతుగా ఉండదు. దళిత, గిరిజన, వెనుకబడిన కులాల వారిలో కౌలుదారులూ కూలీలూ ఎక్కువ కనుక, కులం పేరెత్తని నిబంధనే కులాన్ని బట్టి పనిచేసింది. 2018లో మొదలైన రైతుబీమా పథకం, కమిటీల విచారణను తొలగించి మేలు చేసినా, అదీ భూమి పట్టా ఉన్నవారికే పరిమితమైంది. భర్తను పోగొట్టుకుని, అప్పు నెత్తిన మోస్తూ, పిల్లలను సాకుతున్న స్త్రీకి సాంత్వన చెప్పే సలహాదారు ఈ ఉత్తర్వుల్లో ఎక్కడా లేరు.

గోదావరి తీరపు అడవుల్లో, ఏటూరునాగారం గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో నివసించే కోయల విషయంలో దూరానికి మరో రూపం ఉంది. కోయ భాషలోనో లంబాడీలోనో బాధను చెప్పుకునే మనిషికి ఎం.జి.ఎం. తెలుగు కూడా పరాయిదే. వైద్యుడికి ఆ సంస్కృతి తెలియకపోతే జాతరలోని పూనకాన్ని జబ్బుగా, నిజమైన జబ్బును పూనకంగా పొరబడే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పు, పూనకం మనిషి ఇష్టానికి విరుద్ధంగా, సంస్కృతి ఆమోదించిన సందర్భాలకు వెలుపల వచ్చినప్పుడే దానిని రుగ్మతగా ఎంచాలని స్పష్టం చేసింది. ఐనవోలు శివసత్తిని రోగిగా చూడకపోవడం ఎంత అవసరమో, దేవుడు పూనాడని చెప్పి మందు అవసరమైన మనిషిని ఇంట్లో కట్టేయకుండా కాపాడడమూ అంతే అవసరం.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను రాజ్యం నేరస్థులుగా చూసిన చరిత్ర ఇక్కడ సుదీర్ఘమైనది. నిజాం పాలనలో ఫసలీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో వచ్చిన చట్టం వారి పేర్లను రిజిస్టరులో నమోదు చేయడానికీ, స్త్రీ వేషంలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయడానికీ వీలు కల్పించింది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసేదాకా ఆ చట్టం కాగితాల మీద బతికే ఉంది. వైద్యశాస్త్రం కూడా నిర్దోషి కాదు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల పట్టిక నుంచి తీసివేసింది 1990లోనే. తనను నేరస్థుడనీ రోగి అనీ పిలిచిన వ్యవస్థ గుమ్మం ముందుకు మనిషి ధైర్యంగా రావాలంటే, ముందు ఆ వ్యవస్థే మారినట్టు రుజువు చూపాలి.

అలాంటి రుజువుకు చట్టపరమైన పునాది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29న అమలుకు వచ్చిన ఈ చట్టం 18వ సెక్షను కింద లింగం, లైంగిక ఆకర్షణ, మతం, సంస్కృతి, కులం, వర్గం, వైకల్యం ఆధారంగా వివక్ష లేకుండా చికిత్స పొందడాన్ని హక్కుగా ప్రకటించింది. రోగి దూర ప్రయాణాలు చేయవలసిన అవసరం లేకుండా ప్రతి జిల్లాలో సేవలుండాలనీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఉచితంగా అందాలనీ ఆదేశించింది. రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలనడంలో కోయ భాషకూ చోటుంది. తన తరఫున నిర్ణయాల్లో తోడుండే ప్రతినిధిని రోగే ఎంచుకోవచ్చనడంలో, రక్తసంబంధీకులు వెలివేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తికీ, పుట్టింటికి తరిమివేసిన స్త్రీకీ రక్షణ ఉంది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి శిక్షకు బదులు సంరక్షణ ఇవ్వాలనడం, పత్తి రైతుల మరణాలు చూసిన జిల్లాకు ఎంత అవసరమైన మాటో వేరే చెప్పనక్కరలేదు.

చట్టం కాగితం మీద దగ్గరకు వచ్చినంత వేగంగా సేవలు రాలేదు. నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని చూపింది. 2016 తరవాత పాత వరంగల్ జిల్లా పలు జిల్లాలుగా విడిపోయి, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ కొత్త జిల్లా కేంద్రాలయ్యాయి కనుక, ప్రతి జిల్లాలో సేవ ఉండాలన్న చట్టపు మాట ఇప్పుడు ఆ ఊళ్లన్నింటికీ వర్తిస్తుంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ ఫోను సేవ ద్వారా 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో సలహా పొందవచ్చు. ములుగు ఆసుపత్రిలో కోయ తెలిసిన సలహాదారు, కౌలు రైతు కుటుంబానికీ వర్తించే సాయం, మనోవ్యాధి ఉన్నవారికి గౌరవంగా వైకల్య ధ్రువీకరణ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని ఆమె చెప్పిన పేరుతోనే పిలిచే ఓపీ కౌంటరు ఏర్పడాలి. వీటిలో పెద్ద భవనాలు కోరేది ఒక్కటీ లేదు. ప్రభుత్వాలు వీటిని వెంటనే చేపట్టాలి, ప్రజలు హక్కుగా అడగాలి. వరంగల్ మానసిక వైద్యాన్ని ఇకపై కొలవవలసింది నగరం నడిబొడ్డున ఉన్నవాడికి దొరికిన మందుతో కాదు, ఏటూరునాగారం అవతలి గూడెంలోని మనిషికి తన భాషలో, తన గౌరవం చెడకుండా దొరికిన వైద్యంతోనే.