చేతి గడియారం విప్పునపుడు చిన్న భాగాలను భద్రపరచు విధానం

భారత ప్రభుత్వ రంగ సంస్థ హెచ్.ఎం.టి. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాల కర్మాగారాన్ని నెలకొల్పింది. అక్కడ తయారైన 'జనత' వంటి, కీ ఇచ్చి నడిపే గడియారాలు హిందూపురం, మదనపల్లె, కుప్పం ప్రాంతాలలోని అనేక కుటుంబాలలో పెద్దల జ్ఞాపకంగా నేటికీ నిలిచి ఉన్నాయి. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. కనుక నేడు ఒక్క స్క్రూ పోయినా, దానికోసం మరొక పాత గడియారాన్ని విప్పవలసి రావచ్చు. శుభ్రపరచుటలో నైపుణ్యం ఎంత ముఖ్యమో, విప్పిన భాగాలను క్రమంగా ఉంచుట అంతే ముఖ్యం.

పని చేయు చోటు

ఫ్యాను ఆపి, బల్లపై నూలుపోగులు రాలని తెల్లని కాగితం పరచాలి. బల్ల అంచునుండి ఒడివరకు ఒక గుడ్డ కట్టుకుంటే జారిన భాగం నేలపై పడదు. మూతలున్న చిన్న గిన్నెలు గాని, గళ్లు గల డబ్బా గాని సిద్ధం చేసుకొని, ప్రతి గడికీ వరుసగా అంకె వేయాలి.

విప్పు క్రమం

మొదట మెయిన్ స్ప్రింగులోని బిగువును నెమ్మదిగా వదలాలి. బిగువు ఉండగా ప్యాలెట్ ఫోర్కును తీస్తే చక్రాలు ఒక్కసారిగా తిరిగి పళ్లు, ఇరుసులు దెబ్బతింటాయి. ఆపై ప్రతి దశకు ముందు సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకోవాలి. ముళ్లు, డయలు ఒక గడిలో. బ్యాలెన్స్ చక్రం, దాని వంతెన మరొక గడిలో. ప్యాలెట్ ఫోర్కు, పళ్లచక్రాలు, స్ప్రింగు డబ్బా వేర్వేరు గళ్లలో ఉంచాలి. బిగించునపుడు చివరి గడినుండి వెనుకకు రావాలి.

స్క్రూల విషయం

చూపునకు ఒకేలా ఉన్నా స్క్రూల పొడవులో తేడా ఉంటుంది. పొట్టిదాని చోట పొడవైనది బిగిస్తే, అది అడుగునున్న చక్రాన్ని నొక్కి గడియారాన్ని ఆపివేస్తుంది. అందుచేత ఏ భాగపు స్క్రూను ఆ భాగంతోనే ఉంచాలి. చాలా గడియారాలలో క్రౌన్ చక్రపు స్క్రూ ఎడమ మర గలది. దానిని మామూలు దిశలో విప్పబోతే తల విరుగుతుంది.

కడుగునపుడు

అన్నిటినీ ఒకే పాత్రలో వేయరాదు. హెయిర్ స్ప్రింగు గల బ్యాలెన్సును విడిగా కడగాలి. ప్యాలెట్ రాళ్లు సాధారణంగా లక్కతో అతికించబడి ఉంటాయి. స్పిరిటు లక్కను కరిగిస్తుంది గనుక ఆ ఫోర్కును అందులో నానబెట్టరాదు. బెంజీను వంటి ద్రవాలు త్వరగా మండుతాయి. పొయ్యికి, దీపానికి దూరంగా, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా వాడాలి.

భాగం ఎగిరిపోతే

చిన్న స్ప్రింగులు తీయునపుడు చేతులను పారదర్శకమైన పాలిథీన్ సంచిలో ఉంచి పని చేస్తే అవి సంచి దాటి పోవు. ఏదైనా నేలపై పడితే నడవరాదు, వెంటనే ఊడ్వరాదు. టార్చిలైటును నేలకు సమాంతరంగా పట్టుకొని వెదకితే లోహపు మెరుపు కనిపిస్తుంది.

తొలిసారి నేర్చుకొనేవారు పెద్దల గడియారంపై గాక, పనికిరాని పాత గడియారంపై అభ్యసించుట మేలు. అనుభవజ్ఞునికి ఇవ్వదలచినవారు విప్పిన భాగాలనన్నిటినీ, విరిగినవాటితో సహా, ఒకే డబ్బాలో భద్రంగా తీసుకొనిపోవాలి. విరిగిన ముక్కను చూసియే సరిపోవు భాగాన్ని గుర్తించగలరు.