చెవి మిషనుకు చెమ్మ గండం



వినికిడి యంత్రం కొన్న రోజున ప్రతివారికీ కొన్ని నియమాలు చెబుతారు: తడి తగలనీయవద్దు, రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచండి, సెల్లులను పిల్లలకు అందనీయవద్దు. కారణం తెలియని నియమం నాలుగు రోజులలో మరుపున పడుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి యంత్రం బీరువాలోకి చేరుతుంది. ఇంటి పెద్ద మళ్లీ మౌనంలోకి జారుకుంటారు. అందుకే ఈ నియమాలను వాటి చరిత్రతో కలిపి మీ ముందుంచుతున్నాను. నూరేళ్లకు పైబడిన ఆ చరిత్రలో పదేపదే ఎదురయ్యే శత్రువు ఒక్కటే: చెమ్మ.

విశాఖవాసులకు ఈ విషయంతో రెండు విధాల సంబంధం ఉంది. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' నౌక ప్రవేశంతో మన రేవు ప్రాణం పోసుకుంది. 1941లో సింధియా సంస్థ నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది; 1948 మార్చి 14న 'జల ఉష' అక్కడి నుండి జలప్రవేశం చేసింది. తరువాతి దశాబ్దాలలో ఉక్కు కర్మాగారం వెలసింది. ఇనుప రేకులపై సుత్తిదెబ్బలు, కంప్రెసర్ల హోరు, రోలింగ్ మిల్లుల రొద ఈ వృత్తులకు సహజాలు. ఏళ్ల తరబడి అట్టి ధ్వనికి లోనైతే లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు నశిస్తాయి. నశించినవి తిరిగి మొలవవు. మన ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో శబ్దజన్య చెవుడు వృత్తివ్యాధిగా నమోదైంది. నేడు ద్వారకా నగర్ వీధులలో హియరింగ్ సెంటర్ల బోర్డులు చూస్తున్నాము. అక్కడ కొన్న యంత్రాన్ని ఇంటికి తెచ్చుకోగానే, ఈ నగరపు రెండవ స్వభావం, అనగా సముద్రపు తేమగాలి, దానిపై పని ప్రారంభిస్తుంది.

తొలినాటి వినికిడి సాధనం కేవలం ఒక బూర. సంగీతకారుడు బీథోవెన్ కొరకు మేల్జెల్ అనే శిల్పి 1810ల తొలినాళ్లలో చేసి ఇచ్చినవి అట్టివే. వాటిలో చెడిపోయేదేమీ లేదు. అయితే శబ్దాన్ని పెంచే శక్తీ స్వల్పమే. 1898లో అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ విద్యుత్ వినికిడి యంత్రాన్ని నిర్మించాడు. టెలిఫోనులో వలెనే దాని మైకులో బొగ్గు రేణువులు ఉండేవి. చెమ్మ తగిలితే ఆ రేణువులు గడ్డకట్టి శబ్దం మందగించేది. వాడేవారు యంత్రాన్ని కుదిపి వాటిని విడదీసుకునేవారు. చెమ్మతో తొలి పోరాటం అదే.

ఆ తరువాత వాక్యూమ్ ట్యూబుల కాలం వచ్చింది. శబ్దం మెరుగైంది కాని, ట్యూబులను వేడెక్కించడానికి ఒకటి, అధిక వోల్టేజికి మరొకటి, ఇలా రెండు బ్యాటరీలను ఒంటికి కట్టుకొని తిరగవలసి వచ్చేది. 1947 డిసెంబరులో బెల్ పరిశోధనాలయంలో ట్రాన్సిస్టర్ జన్మించింది. దానిని తొలిగా వాడుకున్న వస్తువులలో వినికిడి యంత్రం ఒకటి. 1952 చివర అది అంగడికి వచ్చింది. బెల్ సంస్థ వినికిడి యంత్రాల విషయంలో రాయల్టీని సైతం వదులుకుంది. ఇంతలో ఒక విచిత్రం జరిగింది. ప్రయోగశాలలో చక్కగా పనిచేసిన తొలి ట్రాన్సిస్టర్లు మనుషుల ఒంటిపైకి చేరిన కొద్ది వారాలకే మూగవోసాగాయి. ఒంటి వేడిమి, చెమటల చెమ్మ వాటిలోకి చొరబడుతున్నదని తేలింది. గాలి చొరని తొడుగులో బిగించిన తరువాతనే అవి నిలిచాయి.

ఇక్కడ మీరు ఒక సంగతి గ్రహించాలి. ట్రాన్సిస్టరును మూసివేయగలిగారు కాని, యంత్రాన్ని పూర్తిగా మూయలేరు. శబ్దం ప్రవేశించడానికి మైకు రంధ్రం, వెలువడడానికి గొట్టం ఉండవలసిందే. నేడు విరివిగా వాడే జింక్-ఎయిర్ సెల్లుకైతే గాలియే ఆహారం. దాని వీపున ఉన్న స్టిక్కరు తీయగానే ఆక్సిజన్ ప్రవేశించి రసాయనచర్య మొదలవుతుంది. స్టిక్కరు తిరిగి అంటించినంత మాత్రాన ఆ చర్య ఆగిపోదు. కనుక అవసరమైనప్పుడే తీయండి. తీసిన పిమ్మట ఒక నిమిషం గాలి పట్టనిచ్చి యంత్రంలో అమర్చండి. ఫ్రిజ్‌లో దాచకండి, బయటికి తీయగానే వాటిపై నీటి తుంపర పడుతుంది.

మన తీరవాసులు పాటించవలసినవి స్వల్పమే. స్నానానికి, తలకు నూనె రాసుకోవడానికి ముందు యంత్రాన్ని తీసివేయండి. రాత్రి పొడిగుడ్డతో తుడిచి, సెల్లు వేరుచేసి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో ఉంచండి. సెల్లును ఆ డబ్బాలో వేయకండి; అది ఎండిపోతుంది. తడిసిన యంత్రాన్ని ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని, హెయిర్ డ్రయ్యరుతోగాని ఆరబెట్టరాదు. చార్జింగ్ యంత్రాలను ఎండలో నిలిపిన కారులో వదలకండి. చెవి నుండి చీము కారుతుంటే యంత్రం ఆపి వైద్యునికి చూపించండి. ఒకరి యంత్రం మరొకరు పెట్టుకోరాదు. ఒకరి వినికిడి లోపానికి సరిచేసిన శబ్దం మరొకరి చెవికి హాని చేయవచ్చు.

యంత్రం చిన్నదైనకొద్దీ మరొక ప్రమాదం పెరిగింది. చొక్కా జేబులో పెట్టుకునే పాత మిషనుకు పెన్సిల్ సెల్లు ఉండేది. నేటి సెల్లు కందిగింజంత. పసిపిల్లలు దానిని మింగినా, ముక్కులోగాని చెవిలోగాని దోపుకున్నా కణజాలం కాలిపోవచ్చు. వాంతి చేయించకండి, చుక్కలు వేయకండి. ఏ జాతి సెల్లు అని తర్కించక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని ఎందరో పేదపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ లభించింది. శస్త్రచికిత్స ఒక్కసారి జరుగుతుంది. చెవిపై ఉండే ప్రాసెసరు, దాని తీగ, కాయిల్ మాత్రం దినదినమూ చెమటను ఎదుర్కోవాలి. అది మూగబోయిన ప్రతి దినమూ ఆ బిడ్డ భాష నేర్చుకోవలసిన కాలంలోంచి తరిగిపోయే దినమే. అట్టి పిల్లలకు ఎం.ఆర్.ఐ. తీయవలసి వస్తే ఇంప్లాంటు సంగతి ముందే చెప్పడం తల్లిదండ్రులు మరువరాదు.

గాలి చొరని తొడుగుతో ఇంజనీర్లు సగం పని చేశారు. మిగిలిన సగానికి కావలసినవి ఒక పొడిగుడ్డ, ఒక మూత డబ్బా, రాత్రివేళ రెండు నిమిషాలు. ఇంట్లో పెద్దలకు వేళ్లు వణుకుతుంటే ఆ రెండు నిమిషాలు మీరే కేటాయించండి.