కాటన్: ఒక ఆంగ్ల ఇంటిపేరు - అర్థం, వాడుక

ఇంటిపేర్ల అధ్యయనంలో పరిశోధకుణ్ణి తరచుగా తప్పుదారి పట్టించేది శబ్దసామ్యం. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ (1803-1899) ఇంటిపేరే ఇందుకు మంచి నిదర్శనం. నూలు బట్టను కూడా మనం కాటన్ అనే అంటున్నాం కనుక ఆయన పూర్వులు పత్తి వ్యాపారులై ఉంటారని ఊహించడం సులభం. కానీ ఆ ఊహ నిలవదు.

పత్తిని తెలిపే మాట అరబ్బీ 'కుత్న్' నుండి ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో చేరింది. ఇంటిపేరు ప్రాచీనాంగ్లంలో గుడిసె అనే అర్థమున్న 'కాట్' శబ్దానికి సంబంధించినది. దాని బహువచన రూపమైన 'కాటుమ్' అంటే 'గుడిసెల వద్ద' అని అర్థం. దీని నుండి కాటన్, కోటన్ వంటి ఊరిపేర్లు ఇంగ్లండులో పలుచోట్ల ఏర్పడ్డాయి. ఊరు విడిచినవారికి ఆ ఊరే ఇంటిపేరయింది. మన వేమూరి, తాడేపల్లి వంటివీ ఇలా వచ్చినవే. ఒకే పేరుగల ఊళ్ళు అనేకం ఉన్నందువల్ల కాటన్‌లందరూ ఒకే వంశీయులని చెప్పడానికి వీల్లేదు. తెలుగు ఇంటిపేర్ల విషయంలోనూ మనం ఈ జాగ్రత్తను తరచుగా మరుస్తుంటాం.

ఇంటిపేరుగా స్థిరపడిన తరువాత ఈ మాట వాడుక మరింత ఆసక్తికరం. రాబర్ట్ కాటన్ (1571-1631) తన రాతప్రతుల బీరువాలను వాటిపై నిలిపిన రోమన్ చక్రవర్తుల ప్రతిమల పేర్లతో గుర్తించేవాడు. 1731 అగ్నిప్రమాదంలో అంచులు కాలినా మిగిలిన 'బేవుల్ఫ్' ఏకైక ప్రతిని పండితులు నేటికీ 'కాటన్ విటెల్లియస్' సంఖ్యతోనే ఉదహరిస్తారు. అమెరికాలో మతాచార్యుడు కాటన్ మాథర్‌కు (1663-1728) తల్లి పుట్టింటి ఇంటిపేరే వ్యక్తినామమైంది.

తెలుగులో జరిగిన మార్పు వేరు. ఆంగ్ల మర్యాద ప్రకారం 'సర్' బిరుదు వ్యక్తినామానికే చేరుతుంది. 'సర్ ఆర్థర్' అనాలి గాని 'సర్ కాటన్' అనకూడదు (మన పాఠాల్లో ఈ పొరపాటు అరుదేమీ కాదు). గోదావరి ప్రజలు ఆర్థర్‌ను వదిలి ఇంటిపేరుకు 'దొర' చేర్చారు. ఇంటిపేరు ముందు, వ్యక్తినామం వెనుక పలికే అలవాటున్న భాషలో చివరి పేరు అసలు పేరుగా వినిపించడం సహజమే. అలా ఎందరికో చెందిన పేరు ఇక్కడ ఒక్కరిదైంది. 1904 బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్ కూడా దొరే. అయినా 'కాటన్ దొర' అన్నప్పుడు తెలుగువారికి ఆయన స్ఫురించరు.