సముద్రతీరము – ఉమ్మడి సొత్తు

గ్రామమునకు చెరువుగట్టును పశువుల బయలును ఎట్టివో దేశమునకు సముద్రతీరమట్టిది. అచ్చట జాలరి వల యారవేయును. పట్టణవాసి సాయంకాలమున గాలికై వచ్చును. వర్తకుడు ఓడ నిలుపును. ఈ మువ్వురకును అచ్చట చోటు చాలునా? ఈ ప్రశ్నకు మన తీరచరిత్ర యేమి చెప్పుచున్నదో నేడు మీకు విన్నవింపదలచితిని.

ముందుగా నొక ప్రకృతిధర్మము నెఱుగవలెను. మన తూర్పుతీరమున ఇసుక నిలుకడగా నుండదు. నైరృతి ఋతుపవనకాలపు అలలు దానిని ఉత్తరమునకు నడపును. ఈశాన్యపవనములు కొంత వెనుకకు మరల్చును. ఏడాది మొత్తముమీద ఉత్తరపు నడకయే యెక్కువ. పంటకాలువ కడ్డుకట్ట వేసినచో ఎగువచేను మునిగి దిగువచేను ఎండును గదా! అట్లే ఇసుకదారి కడ్డముగా గోడ కట్టినచో దక్షిణమున మేటవేయును, ఉత్తరమున కోతపడును.

చెన్నపట్టణమున నిదియే జరిగెను. అచ్చటి రేవునకు 1875లో శంకుస్థాపన చేసిరి. 1881 నాటి తుపాను గోడలను పడగొట్టగా మరల కట్టిరి. దక్షిణమున ఇసుక చేరి తీరము వెడల్పయ్యెను. ఆ వైపుననే గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో విహారమార్గమునకు మెరీనా యని పేరిడెను. రేవునకు ఉత్తరమున రాయపురము మొదలుకొని తీరము కోతపడి జాలరుల యిండ్లు సముద్రము పాలయ్యెను. ఒకరి విహారభూమి పెరుగుటయు, వేరొకరి నివాసభూమి తరుగుటయు ఒక్క గోడకు ఇరుప్రక్కల జరిగినవి.

విశాఖపట్టణపు రేవు 1933లో తెఱవబడెను. ఓడదారి పూడకుండుటకై రెండు పాత ఓడలను సముద్రమున ముంచి అడ్డు నిలిపిరి. 1976లో వెలుపలి రేవు వెలసెను. అచ్చట చేరిన ఇసుకను త్రవ్వి ఉత్తరపు తీరమునకు చేర్చు పద్ధతి యవలంబించిరి. అయినను కోత పూర్తిగా మానలేదు. ప్రకృతికి పడిన ఈ ఋణము ఏటేట తీర్పవలసినదే కాని ఒక్కమారు తీరిపోవునది కాదు.

1981లో ప్రధానమంత్రి ఇందిరాగాంధీ తీరరాష్ట్రముల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాసి, పోటుగీటునుండి 500 మీటర్లవఱకు తీరమును విడిచియుంచుడనిరి. 1991 ఫిబ్రవరి 19న తీరప్రాంత నిబంధనలు వెలువడెను. వానిలో పల్లెతీరములకు 200 మీటర్ల నిషేధభూమి యేర్పడెను. 2019 నాటి నిబంధనలు, 2011 జనాభా లెక్క ననుసరించి చదరపు కిలోమీటరునకు 2,161 మందికి మించిన పల్లెసీమలలో దానిని 50 మీటర్లకు తగ్గించెను. తక్కిన పల్లెలలో 200 మీటర్లే నిలిపెను. విహారులకై పోటుగీటునకు 10 మీటర్లు విడిచి తాత్కాలికపు పాకలను అనుమతించెను.

ఈ సడలింపు ఇల్లు చాలని జాలరికి మేలే. కాని అతనికై తెఱచిన తలుపుననే ధనవంతుని విడిదియు ప్రవేశింపగలదు. రేవులును విహారస్థలములును వలదని నేననుట లేదు. వానివలన మన బిడ్డలకు జీవనము కలుగును. అయినను తీరపటము ఆమోదము పొందుటకు పూర్వము ప్రజల యభిప్రాయము నడుగుట విధి. ఆనాడు గ్రామపెద్దలు మౌనము వహింపరాదు. ఈ గోడకు ఉత్తరమున ఏ పల్లె యున్నది? ఆగిన ఇసుకను ఎవరు, ఎవరి వ్యయమున చేర్తురు? వలలకును నావలకును విడిచిన చోటెంత? ఈ మూటికిని వ్రాతమూలకముగ సమాధానము దొరకినపిమ్మటనే సమ్మతి తెలుపుడని నా మనవి.