టెన్నిస్ రాకెట్ ఎంపిక

టెన్నిస్ రాకెట్ ఎంపిక అనగా వివిధ రాకెట్ల కొలతలను పోల్చి చూచి, ఆటగాని దేహబలానికి, ఆట తీరుకు, ఆడే కోర్టుకు, వాతావరణానికి తగినదానిని నిర్ణయించుకోవడం. ఆట అప్పుడే నేర్చుకునేవారికి ఏ తేలికపాటి రాకెట్ అయినా సరిపోతుంది. వృత్తి క్రీడాకారులకు సలహా చెప్పడానికి నిపుణులు ఉంటారు. ఈ రెండు వర్గాలకు నడుమ, వారానికి రెండు మూడు రోజులు వ్యాయామం కోసం, వినోదం కోసం ఆడే మధ్యస్థాయి ఆటగాళ్ళకే ఎంపిక కష్టమవుతుంది. తగని రాకెట్ వలన డబ్బు వృథా కావడమే కాక మోచేతి నొప్పి వచ్చి ఆటనే మానుకోవలసిన పరిస్థితి ఏర్పడవచ్చు. ఈ వ్యాసంలో రాకెట్లను పోల్చే పద్ధతి, విజయవాడ మరియు కృష్ణా డెల్టా ప్రాంతపు వాతావరణంలో గమనించవలసిన విషయాలు వివరించబడినవి.

చరిత్ర

వాల్టర్ వింగ్‌ఫీల్డ్ 1874లో ఇంగ్లండులో లాన్ టెన్నిస్‌కు పేటెంటు పొందిన నాటి నుండి సుమారు వంద సంవత్సరాలపాటు రాకెట్లు కలపతోనే తయారయ్యాయి. వాటి తల వైశాల్యం సుమారు 65 చదరపు అంగుళాలు ఉండేది. 1960, 1961 సంవత్సరాలలో వింబుల్డన్ సెమీఫైనల్ చేరిన రామనాథన్ కృష్ణన్ ఆడినది ఈ కొయ్య రాకెట్ల కాలంలోనే. గాలిలో తేమకు కొయ్య చట్రం వంకర పోకుండా, ఆడనప్పుడు దానిని మరలు బిగించిన ప్రెస్‌లో ఉంచేవారు.

1967లో విల్సన్ సంస్థ టి-2000 అనే ఉక్కు రాకెట్‌ను విడుదల చేసింది. అమెరికా క్రీడాకారుడు జిమ్మీ కానర్స్ దీనితో అనేక విజయాలు సాధించాడు. 1976లో హోవర్డ్ హెడ్ రూపొందించిన ప్రిన్స్ రాకెట్‌తో పెద్ద తల గల రాకెట్లు ప్రచారంలోకి వచ్చాయి. తల వెడల్పుగా ఉంటే బంతి మధ్యభాగానికి కొంచెం పక్కగా తగిలినా రాకెట్ చేతిలో మెలి తిరగదు. సామాన్య ఆటగాళ్ళకు ఇది ఎంతో మేలు చేసింది. 1983 ఫ్రెంచ్ ఓపెన్‌లో యానిక్ నోవా సాధించిన విజయం, పురుషుల సింగిల్స్‌లో కొయ్య రాకెట్‌తో లభించిన చివరి గ్రాండ్‌స్లామ్ టైటిల్. ఆ తరువాత గ్రాఫైట్ రాకెట్లు పూర్తిగా ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

నియమాలు

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమాల ప్రకారం రాకెట్ మొత్తం పొడవు 29 అంగుళాలకు (73.7 సెం.మీ.), వెడల్పు 12.5 అంగుళాలకు (31.7 సెం.మీ.) మించరాదు. పెద్దల రాకెట్లు సాధారణంగా 27 అంగుళాలు ఉంటాయి. పిల్లలకు వయస్సును, ఎత్తును బట్టి 19 నుండి 26 అంగుళాల రాకెట్లు లభిస్తాయి. బరువుపై నియమాలలో ఎటువంటి పరిమితి లేదు.

పోల్చవలసిన కొలతలు

రాకెట్‌పైన, దాని అట్టపైన ముద్రించిన ప్రచార వాక్యాల కంటె ఈ క్రింది కొలతలు ముఖ్యమైనవి.

* తల వైశాల్యం: 95 నుండి 98 చదరపు అంగుళాల తల గల రాకెట్లు గురి బాగా కుదిరినవారికి అనుకూలం. 100 నుండి 105 వరకు ఉన్నవి మధ్యస్థాయివారికి తగినవి. 107 దాటినవి నిదానంగా కదిలే పెద్దవయసువారికి, డబుల్స్ మాత్రమే ఆడేవారికి ఉపయోగపడతాయి.
* బరువు: తయారీదారులు సాధారణంగా గట్ లేని చట్రం బరువును ప్రకటిస్తారు. గట్ కట్టిన తరువాత సుమారు 15 నుండి 18 గ్రాములు పెరుగుతుంది. కనుక ఒక రాకెట్‌కు గట్‌తో సహా చెప్పిన బరువును, మరొకదానికి గట్ లేకుండా చెప్పిన బరువును పోల్చరాదు. మధ్యస్థాయి ఆటగాళ్ళకు గట్ లేకుండా 280 నుండి 305 గ్రాములు అనువైన పరిధి.
* తూకం: రాకెట్‌ను ఒక అంచుపై నిలిపినప్పుడు ఏ బిందువు వద్ద సమంగా నిలుస్తుందో ఆ దూరాన్ని పిడి చివర నుండి మిల్లీమీటర్లలో కొలుస్తారు. గట్ లేని రాకెట్లలో 310 నుండి 320 మి.మీ. సాధారణం. ఈ సంఖ్య పెరిగిన కొద్దీ బరువు తలవైపు ఉన్నదని అర్థం.
* ఊపు బరువు: రాకెట్‌ను త్రిప్పేటప్పుడు చేతికి తెలిసే బరువు ఇది. రోకలిని నడుమ పట్టుకొని త్రిప్పడం సులభం, చివర పట్టుకొని త్రిప్పడం కష్టం. రోకలి బరువులో మార్పు లేకున్నా చేతికి తేడా తెలుస్తుంది. అట్లే ఒకే బరువు గల రెండు రాకెట్లు చేతిలో వేరువేరుగా అనిపించవచ్చు. గట్ కట్టిన రాకెట్లకు ఈ కొలత 310 నుండి 325 మధ్య ఉంటే మధ్యస్థాయివారికి అనుకూలం.
* బిగువు: బంతి తగిలినప్పుడు చట్రం ఎంత తక్కువగా వంగుతుందో తెలిపే సంఖ్య. 60 కంటె తక్కువ ఉన్నవి మెత్తనివి, 68 దాటినవి బిరుసైనవి. బిరుసైన చట్రం బంతికి వేగాన్ని ఎక్కువగా ఇస్తుంది, కాని అదురును కూడా చేతికి ఎక్కువగా చేరుస్తుంది.
* గట్ అల్లిక: 16 నిలువు, 19 అడ్డ తీగలు ఉన్నవి బంతికి స్పిన్ ఎక్కువగా ఇస్తాయి. 18 నిలువు, 20 అడ్డ తీగల అల్లికలో బంతి దిశ నిలకడగా ఉంటుంది, గట్ ఎక్కువ కాలం మన్నుతుంది.
* పిడి చుట్టుకొలత: దీనిని ఎల్-1, ఎల్-2, ఎల్-3 వంటి గుర్తులతో సూచిస్తారు. ఎల్-2 అనగా 4 1/4 అంగుళాలు, ఎల్-3 అనగా 4 3/8 అంగుళాలు. రాకెట్‌ను పట్టుకున్నప్పుడు వేళ్ళ కొసలకు, అరచేతికి మధ్య రెండవ చేతి చూపుడు వేలు పట్టేంత సందు ఉండాలి. సందేహం ఉన్నప్పుడు చిన్న పిడినే తీసుకోవడం మేలు. ఓవర్‌గ్రిప్ చుట్టి దానిని పెంచవచ్చును గాని, పెద్ద పిడిని తగ్గించడం కష్టం.

కొన్ని ప్రసిద్ధ రాకెట్ల పోలిక

తరచుగా పోల్చబడే కొన్ని రాకెట్ల వివరాలు ఈ విధంగా ఉన్నవి. బరువులు గట్ లేకుండా చెప్పినవి. కొత్త తరం వచ్చినప్పుడల్లా ఈ కొలతలు స్వల్పంగా మారుతుంటాయి.

* బబోలాట్ ప్యూర్ డ్రైవ్: తల 100 చ.అం., బరువు 300 గ్రా., తూకం 320 మి.మీ., అల్లిక 16×19. చట్రం మందంగా, బిరుసుగా ఉంటుంది. సర్వీసుకు, బేస్‌లైన్ నుండి కొట్టే వేగవంతమైన షాట్లకు పేరు పొందినది. మోచేతి నొప్పి ఉన్నవారు జాగ్రత్త వహించాలి.
* యోనెక్స్ ఈజోన్ 100: తల, బరువు, తూకం, అల్లిక ప్యూర్ డ్రైవ్‌వంటివే. తల ఆకారం చదరానికి దగ్గరగా ఉండటం యోనెక్స్ ప్రత్యేకత.
* హెడ్ స్పీడ్ ఎం.పి.: తల 100 చ.అం., బరువు 300 గ్రా., అల్లిక 16×19. వేగానికి, అదుపుకు నడిమి స్థాయిది.
* విల్సన్ బ్లేడ్ 98: తల 98 చ.అం., బరువు 305 గ్రా. 16×19, 18×20 అల్లికలు రెండింటిలోను లభిస్తుంది. వేగం ఆటగాడే సమకూర్చుకోవాలి, గురి బాగా కుదురుతుంది.
* విల్సన్ క్లాష్ 100: 2019లో విడుదలైనది. తల 100 చ.అం., బరువు 295 గ్రా., అల్లిక 16×19. చట్రం బాగా మెత్తనిది. చేతికి అదురు తక్కువగా తెలుస్తుంది.

పై పట్టికలో మొదటి మూడు రాకెట్లకు ముఖ్యమైన కొలతలు దాదాపు సమానం. మధ్యస్థాయి ఆటగానికి వీటి మధ్య కనిపించే తేడా, ఒకే రాకెట్‌కు రెండు రకాల గట్‌లు కట్టినప్పుడు కనిపించే తేడా కంటె తరచుగా తక్కువే. అందువలన పాత రాకెట్ బాగుండలేదని తోచినప్పుడు ముందుగా గట్ మార్చి చూడటం వివేకం. కొత్త రాకెట్ ధరతో పోల్చితే దీనికి అయ్యే ఖర్చు స్వల్పం.

గట్

రాకెట్‌కు తీగలు కట్టడాన్ని మన ప్రాంతంలో గట్టింగ్ అంటారు. గట్‌లలో ముఖ్యమైన రకాలు నాలుగు.

* సహజ గట్: పశువుల ప్రేగుల నుండి తయారవుతుంది. చేతికి అత్యంత మెత్తనిది, బిగింపును చాలాకాలం నిలుపుకొంటుంది. ఖరీదు ఎక్కువ, తేమకు త్వరగా పాడవుతుంది.
* సింథటిక్ గట్: నైలాన్‌తో చేసినది. చౌక, అందరికీ పనికివచ్చును.
* మల్టీఫిలమెంట్: వందలాది సన్నని పోగులను పేని చేసినది. మెత్తనిది, కాని త్వరగా తెగుతుంది.
* పాలియెస్టర్: 1997లో గుస్తావో కుయెర్టెన్ ఈ తీగలతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన తరువాత విస్తృతంగా వ్యాపించినది. స్పిన్ బాగా వస్తుంది. బిరుసైనది, తెగకపోయినా బిగింపును త్వరగా కోల్పోతుంది.

గట్ బిగింపును పౌనులలో చెబుతారు. నైలాన్ రకాలకు 50 నుండి 58, పాలియెస్టర్‌కు 45 నుండి 52 పౌనులు సాధారణం. బిగింపు తగ్గితే బంతి లోతుగా పోతుంది, చేతికి హాయిగా ఉంటుంది. పెరిగితే అదుపు పెరుగుతుంది, అదురు కూడా పెరుగుతుంది. వారానికి ఎన్నిసార్లు ఆడితే సంవత్సరానికి అన్నిసార్లు గట్టింగ్ చేయించాలని ఆటగాళ్ళలో ఒక లెక్క ఉన్నది. పాలియెస్టర్‌కు అంతకంటె తరచుగా అవసరం.

కృష్ణా డెల్టాలో గమనించవలసిన విషయాలు

కృష్ణా డెల్టాకు టెన్నిస్ కొత్త కాదు. 1987లో కృష్ణా జిల్లా వుయ్యూరులో జన్మించిన సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో సానియా మీర్జాతో కలసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణ పతకం సాధించాడు. 2017లో అర్జున పురస్కారం పొందాడు. అయితే రాకెట్ల గురించి వచ్చే సలహాలలో అధికభాగం చల్లని దేశాలలో ఆడేవారిని ఉద్దేశించినవి. ఇక్కడి వాతావరణానికి వాటిని కొంత సవరించుకోవాలి.

* వేడి: విజయవాడలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలు ఉన్నవి. వేడికి గట్ బిగింపు త్వరగా సడలుతుంది. ఎండలో నిలిపిన కారులోను, స్కూటరు డిక్కీలోను రాకెట్‌ను వదలరాదు. వేడికి బంతి లోపలి గాలి పీడనం పెరిగి బంతి ఎక్కువగా ఎగురుతుంది. కనుక రోహిణి కార్తె రోజులలో బిగింపును ఒకటి రెండు పౌనులు పెంచి, చలికాలంలో తగ్గించవచ్చు. చేతి నొప్పి ఉన్నవారు మాత్రం పెంచరాదు.
* చెమట: గాలిలో తేమ వలన అరచేయి తడిసి పిడి జారుతుంది. జారకుండా గట్టిగా పట్టుకొనే ప్రయత్నంలో ముంజేతి కండరాలు అలసిపోతాయి. పిడి సన్నగా ఉన్నా ఇదే ఇబ్బంది కలుగుతుంది. ఓవర్‌గ్రిప్‌ను తరచుగా మార్చడం వేసవిలో అన్నిటికంటె చౌకైన, మేలైన జాగ్రత్త.
* సముద్రపు గాలి: మచిలీపట్నం, అవనిగడ్డ వంటి తీరానికి దగ్గరి ప్రాంతాలలో, వానాకాలంలో అంతటా సహజ గట్ ఉబ్బి పోగులు విడిపోతుంది. ఇక్కడ మల్టీఫిలమెంట్ దానికి మంచి ప్రత్యామ్నాయం.
* కోర్టు: మట్టి కోర్టులలో ఇసుక రేణువులు తీగల మధ్య చేరి రంపంవలె కోస్తాయి. కొంచెం లావు గట్ వాడటం మంచిది. వాన తరువాత తడిసిన బంతి బరువెక్కి చేతిపై భారం పెంచుతుంది. సిమెంటు కోర్టులలో బంతి వేగంగా వస్తుంది కాబట్టి మెత్తని చట్రం, మెత్తని గట్ హాయినిస్తాయి.

మోచేతి నొప్పి

టెన్నిస్ ఎల్బో అనబడే మోచేతి బయటివైపు నొప్పికి ఆలస్యంగా కొట్టే బ్యాక్‌హాండ్ ఒక ముఖ్య కారణం. బిరుసైన చట్రం, ఎక్కువగా బిగించిన పాలియెస్టర్ గట్, తగని పిడి దానిని తీవ్రతరం చేస్తాయి. నొప్పి వచ్చినవారు వెంటనే బాగా తేలికైన రాకెట్‌కు మారడం సాధారణంగా జరిగే పొరపాటు. రాకెట్ బరువే బంతి తాకిడిని కొంత భరిస్తుంది. మరీ తేలికైన, బిరుసైన రాకెట్‌లో ఆ తాకిడి చేతికే చేరుతుంది. మోయగలిగినంత బరువు, మెత్తని చట్రం, తక్కువ బిగింపు గల మల్టీఫిలమెంట్ గట్ ఇటువంటివారికి తగినవి. నొప్పి కొనసాగితే ఆట ఆపి వైద్యుని సంప్రదించాలి.

పరీక్షించే విధానం

* రెండు రాకెట్లను పోల్చేటప్పుడు రెండింటికి ఒకే రకం గట్, ఒకే బిగింపు ఉండాలి. లేనిచో పోల్చినది గట్‌నే గాని రాకెట్‌ను కాదు.
* దుకాణంలో ఊపి చూచినంత మాత్రాన తెలియదు. తోటి ఆటగాని రాకెట్ అడిగి తీసుకొనియైనా రెండు మూడు రోజులు ఆడి చూడాలి.
* సర్వీసు, వాలీ, బ్యాక్‌హాండ్ మూడింటిని పరీక్షించాలి. ఫోర్‌హాండ్ ఏ రాకెట్‌తోనైనా బాగున్నట్లే తోస్తుంది.
* మొదటి పది నిమిషాల కంటె చివరి అరగంట ముఖ్యం. అలసిన తరువాత కూడా రాకెట్ సమయానికి బంతిని చేరుతున్నదో లేదో చూడాలి.
* రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే తేలికైనదానిని ఎన్నుకోవచ్చు. సీసపు టేపు అంటించి బరువు పెంచవచ్చును గాని తగ్గించలేము.

అపోహలు

ప్రసిద్ధ క్రీడాకారుడు వాడే రాకెట్ కొంటే ఆట మెరుగవుతుందనే నమ్మకం సరికాదు. వృత్తి క్రీడాకారుల రాకెట్లలో అనేకం వారి కొరకు ప్రత్యేకంగా బరువు, తూకం సవరించినవి. కొన్ని సందర్భాలలో పాత చట్రానికే కొత్త నమూనా రంగులు వేస్తారు. రోజర్ ఫెదరర్ చాలాకాలం 90 చదరపు అంగుళాల రాకెట్‌తో ఆడి, 2014లో 97 చదరపు అంగుళాలకు మారాడు. అంతటి క్రీడాకారుడే వయస్సుతోపాటు తల పెద్దదైన రాకెట్‌ను ఎన్నుకొన్నప్పుడు, సామాన్య ఆటగాడు అదే పని చేయడానికి సంకోచించనక్కరలేదు.

ఇవి కూడా చూడండి

* టెన్నిస్
* సాకేత్ మైనేని
* సానియా మీర్జా
* వింబుల్డన్
* బ్యాడ్మింటన్